మెటబాలిక్ సిండ్రోమ్‌కు సప్లిమెంట్లు: మా కౌంటర్ దగ్గర రోజూ వినిపించే ప్రశ్నలు

నల్లగొండలో మందుల షాపు కౌంటర్ వెనక పద్దెనిమిదేళ్లుగా నిలబడుతున్నాను. మునుపు జనం చీటీ ఇచ్చి గోలీలు తీసుకుపోయేవాళ్లు. ఇప్పుడు ఫోన్ ముందుకు చాపి "ఇది ఉందా సారూ?" అంటున్నారు. స్క్రీన్ మీద చేపనూనో, బెర్బెరినో, ఏదో పొడి డబ్బానో ఉంటుంది. వాళ్లను నేను తిరిగి అడిగేది ఒక్కటే: మీ రిపోర్టులో ఏ అంకె కోసం ఇది కొంటున్నారు? కింది జవాబులన్నీ ఆ మాట చుట్టూ తిరిగేవే. నేను ఫార్మసిస్టును, డాక్టర్‌ను కాను. మందులు మార్చడం, మోతాదు తగ్గించడం మీ డాక్టర్ పని.

మెటబాలిక్ సిండ్రోమ్ అంటే షుగరేనా?

కాదు, షుగర్ అందులో ఒక ముక్క. మొత్తం ఐదు అంకెలు చూస్తారు. నడుము కొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు లేదా అంతకు మించి ఉంటే ఒకటి. రక్తంలోని ఒక రకం కొవ్వు, ట్రైగ్లిజరైడ్లు, 150 లేదా ఆపైన ఉంటే రెండు. మంచి కొలెస్ట్రాల్ అని పిలిచే హెచ్‌డీఎల్ మగవాళ్లలో 40 కంటే, ఆడవాళ్లలో 50 కంటే తగ్గితే మూడు. బీపీలో పై అంకె 130 గానీ కింది అంకె 85 గానీ చేరితే నాలుగు. పరగడుపు షుగర్ 100 లేదా ఆపైన ఉంటే ఐదు. వీటిలో ఏ మూడు కలిసినా మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. గోలీ వేసుకోవడం వల్ల అంకె మామూలుగా ఉన్నా అది లెక్కలోకి వస్తుంది.

ఈ ఐదూ ఒకే మనిషిలో ఎందుకు గుమిగూడతాయన్న విషయాన్ని అమెరికా డాక్టర్ జెరాల్డ్ రీవెన్ 1988లో గట్టిగా ముందుకు తెచ్చారు. ఆయన దానికి 'సిండ్రోమ్ ఎక్స్' అని పేరు పెట్టారు. ఒంట్లో ఇన్సులిన్ తయారవుతూనే ఉంటుంది గానీ కండరాలు, కాలేయం దాని మాట వినవు. మూలం అక్కడుంది. "షుగర్ బార్డరే, బీపీ బార్డరే, కొవ్వు కొంచెమే" అని నవ్వుతూ చెప్పేవాళ్లను చూస్తే నాకు టెన్షన్. మూడు బార్డర్లు ఒకే ఒంట్లో ఉన్నాయంటే గుండెజబ్బు ముప్పు బాగానే పెరిగినట్టు.

నా ప్యాంటు సైజు 34. నడుము 90 లోపే కదా?

ప్యాంటు సైజు నమ్మకండి. మన మగవాళ్లలో చాలామంది బెల్టు పొట్ట కిందికి జార్చి కట్టుకుంటారు. టైలర్ టేపు తీసుకుని, చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ మధ్యలో, ఊపిరి మామూలుగా వదిలాక కొలవండి. పొట్ట లోపలికి పీల్చొద్దు. షాపులో సరదాగా కొలిస్తే 34 ప్యాంటు ఆయనకు 39 అంగుళాలు వచ్చింది, అంటే 99 సెంటీమీటర్లు. టేపు వెల చేపనూనె డబ్బా వెల ముందు ఏపాటి?

గోలీలు ఆపేసి ఇవి వాడితే నడవదా?

నడవదు. సప్లిమెంట్లలో బాగా పనిచేసేవి కూడా అంకెను కొద్దిగానే కదిలిస్తాయి. 170 ఉన్న బీపీని 130కి తెచ్చే పొడి ఏదీ నా అరల్లో లేదు. బీపీ గోలీ ఆపిన విషయం ఒంటికి వెంటనే తెలియదు, తలనొప్పి కూడా రాకపోవచ్చు. అదే దీనితో వచ్చిన చిక్కు. వాడాలనిపిస్తే గోలీలతో పాటు, డాక్టర్‌కు చెప్పి వాడండి.

చేపనూనె క్యాప్సూల్స్ కొనాలా?

అందరికంటే ఎక్కువగా అడిగేది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. చేపనూనె చెప్పుకోదగ్గంతగా కదిలించేది ఒకే అంకెను: ట్రైగ్లిజరైడ్లు. షుగర్ తగ్గించదు. నడుము తగ్గించదు.

మొన్న ఒకాయన డబ్బా తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. ముందు వైపు పెద్ద అక్షరాల్లో 1000 మి.గ్రా. అని ఉంది. వెనక అక్షరాలు చీమ తలకాయంత. కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, ఫోన్ కెమెరాతో పెద్దది చేసి ఇద్దరం చదివాం. ఈపీఏ 180, డీహెచ్‌ఏ 120. అంటే పనికొచ్చే ఒమెగా-3 కొవ్వు మొత్తం 300 మి.గ్రా., మిగతా 700 వేరే కొవ్వులు. ట్రైగ్లిజరైడ్లు చెప్పుకోదగ్గంతగా, అంటే 20 నుంచి 30 శాతం దాకా తగ్గాలంటే ఈపీఏ, డీహెచ్‌ఏ కలిపి రోజుకు 2 నుంచి 4 గ్రాములు కావాలి. ఆయన డబ్బాతో అది ఏడు క్యాప్సూల్స్ మొదలు పదమూడు పైదాకా. ఆయన రోజుకు ఒకటి వేసుకుంటున్నాడు. మూడు నెలలుగా.

పోనీ ఏడూ వేసుకుంటానంటే అదీ అంత తేలిక కాదు. ఎక్కువ మోతాదులో గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ముప్పు పెరుగుతుందని పెద్ద పరీక్షల్లో కనిపించింది. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ముట్టుకోకూడదు. గుండెపోటు ఆపుతుందా అన్నదానికి జవాబు కూడా చిక్కుగానే ఉంది. 2018లో వచ్చిన ఒక పరీక్షలో శుద్ధి చేసిన ఈపీఏ మందు రోజుకు 4 గ్రాములిస్తే గుండె సంబంధ ప్రమాదాలు పాతిక శాతం తగ్గాయి. 2020లో ఈపీఏ, డీహెచ్‌ఏ కలిపిన మందుతో చేసిన మరో పెద్ద పరీక్షలో లాభమేమీ కనిపించలేదు. మొదటి పరీక్ష కాగితం చూపించి మామూలు క్యాప్సూల్ అమ్మేవాళ్ల దగ్గర జాగ్రత్త.

మీ ట్రైగ్లిజరైడ్లు 500 దాటితే ఈ చర్చంతా పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అక్కడి నుంచి క్లోమం వాచే ప్రమాదం మొదలవుతుంది.

క్యాప్సూల్ బదులు అవిసె గింజలు, సాగర్ చేపలు తింటే?

తినండి, మంచిదే. అయితే అవిసెలో ఉండే ఒమెగా-3 వేరే రకం. ఒంట్లో అది ఈపీఏగా మారేది చాలా తక్కువ. సాగర్ నుంచి వచ్చే రవ్వ, బొచ్చెల్లో సముద్రపు కవ్వలు, కానగుర్తల్లో ఉన్నంత ఒమెగా-3 ఉండదు. అయినా మటన్ బదులు చేప పులుసు వండుకున్న రోజు లాభమే. నూనెలో వేయించిన చేప సంగతి వేరు.

మెంతులు నానబెట్టి తాగుతున్నాను. పనిచేస్తాయా?

మెంతులకు మంచి చరిత్రే ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు వీటి మీద పనిచేశారు. అయితే 1990లో అచ్చయిన వాళ్ల పరిశోధనలో రోజుకు ఇచ్చింది కొవ్వు తీసిన మెంతిపిండి 100 గ్రాములు. మనం రాత్రి నానబెట్టేది ఒక చెంచా, సుమారు 4 లేదా 5 గ్రాములు. తర్వాతి పరీక్షల్లో 10, 25 గ్రాములకు కూడా షుగర్ కొంత తగ్గింది. కాబట్టి చెంచాడు మెంతినీళ్లు తాగి అన్నం రెండు కంచాలు లాగిస్తే లెక్క సరిపోదు. నీళ్లు తాగి గింజలు పారేసేవాళ్లూ ఉన్నారు. పనిచేసే పీచు గింజలోనే ఉంది, నమిలి మింగండి.

ఒక హెచ్చరిక: గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ గోలీలో, ఇన్సులిన్‌లో వాడుతూ మెంతులు బాగా పెంచితే షుగర్ పడిపోవచ్చు. చేతులు వణికి చెమటలు పడితే ముందు చక్కెర నోట్లో వేసుకుని తర్వాత ఆలోచించండి. గర్భిణులు కూరలో వేసే మెంతులతో ఆగాలి, పొడి, క్యాప్సూల్ వద్దు.

ఇసబ్గోల్ మలబద్ధకానికి కదా, దీనికెందుకు?

నా అరల్లో పెట్టిన డబ్బుకు తగ్గ పనిచేసే వాటిలో ఇదొకటి. దాని మీద సినిమా తారల బొమ్మలుండవు, అందుకే ఎవరూ అడగరు. రోజుకు సుమారు 10 గ్రాముల ఇసబ్గోల్ పొట్టు చెడు కొలెస్ట్రాల్‌ను 5 నుంచి 10 శాతం దాకా తగ్గిస్తుంది. షుగర్ ఉన్నవాళ్లలో పరగడుపు అంకె కూడా కొంత దిగుతుంది. చెడు కొలెస్ట్రాల్, అంటే ఎల్‌డీఎల్, ఆ ఐదింటిలో లేదు. గుండెకు మాత్రం అది చాలా ముఖ్యం, మరవొద్దు.

పెద్ద గ్లాసు నీళ్లలో కలిపిన వెంటనే తాగండి. పొడిగా నోట్లో వేసుకుంటే గొంతులో ఉబ్బి అడ్డం పడుతుంది. చిన్న మోతాదుతో మొదలుపెట్టండి, లేకపోతే కడుపుబ్బరంతో మూడో రోజే మానేస్తారు. గోలీలకూ దీనికీ మధ్య కనీసం రెండు గంటల తేడా ఉంచండి. థైరాయిడ్ గోలీకైతే నాలుగు గంటలు.

బెర్బెరిన్‌ను 'ప్రకృతి ఓజెంపిక్' అంటున్నారు, నిజమేనా?

ఓజెంపిక్ అంటే షుగర్‌కు వాడే, బరువు కూడా బాగా తగ్గించే ఇంజెక్షన్. ఆ పేరు పెట్టినవాడి మార్కెటింగ్ తెలివికి దండం పెట్టాలి. బెర్బెరిన్ అనేది మానుపసుపు లాంటి మొక్కల్లో ఉండే పసుపు రంగు పదార్థం. 500 మి.గ్రా. చొప్పున రోజుకు రెండు మూడుసార్లు వాడిన పరీక్షల్లో షుగర్, ట్రైగ్లిజరైడ్లు, ఎల్‌డీఎల్ తగ్గాయి. ఇది ఒకటికి మించి అంకెలను తాకుతుందన్న మాట నిజం. ఆ పరీక్షల్లో ఎక్కువ భాగం చైనాలో, కొద్దిమంది మీద, కొద్ది నెలలు జరిగినవి. బరువు తగ్గేది కొద్దిగానే, ఓజెంపిక్‌తో పోలిక కుదరదు.

అసలు ఇబ్బంది వేరే మందులతో. కాలేయం చాలా మందులను విరిచే దారిలో ఇది అడ్డం కూర్చుంటుంది. కొన్ని కొలెస్ట్రాల్ గోలీలు, బీపీ గోలీలు, కిడ్నీ మార్పిడి తర్వాత వాడే సైక్లోస్పోరిన్ రక్తంలో పేరుకుపోవచ్చు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు అస్సలు వద్దు. నలుగురైదుగురు డాక్టర్ల చీటీలు ఒకేసారి నడిచే పెద్దవాళ్లకు నేను ఇది అమ్మను. కోపం వచ్చి పక్క షాపుకు పోయినా సరే.

దాల్చినచెక్క, క్రోమియం, యాపిల్ సైడర్ వెనిగర్?

ఒకే మూటలో చెప్పేస్తాను. దాల్చినచెక్క ఫలితాలు ఒక పరీక్షలో ఒకలా, ఇంకో పరీక్షలో ఇంకోలా ఉన్నాయి. మన కిరాణా కొట్టులో దొరికే ముదురు రకంలో కూమరిన్ అనే పదార్థం ఉంటుంది, రోజూ చెంచాల కొద్దీ తింటే కాలేయానికి మంచిది కాదు. బగారన్నంలో వేసే ముక్కతో ఏమీ కాదు. క్రోమియం మీద డబ్బు పెట్టొద్దు. వెనిగర్ తిన్న తర్వాతి షుగర్‌ను కొద్దిగా దించవచ్చు, నీళ్లు కలపకుండా తాగితే పళ్ల పింగాణీ, గొంతు పాడవుతాయి. చింతపండు పచ్చిపులుసు తాగేవాళ్లం, మనకు పులుపు కొత్తా?

పొడపత్రి, నేరేడు గింజల పొడి, కాకర రసం, తిప్పతీగ ప్రకృతివే కదా?

గన్నేరు కూడా ప్రకృతిదే. పొడపత్రి ఆకు నమిలితే కాసేపు నాలుకకు తీపి తెలియదు, చక్కెర వేసుకుంటే ఇసుకలా ఉంటుంది. చిన్నప్పుడు ఎవరైనా చూపించే ఉంటారు. షుగర్ తగ్గిస్తుందనడానికి ఆధారాలున్నాయి గానీ చిన్నవి. కాకర, నేరేడు గింజలదీ అదే కథ. కాకర కూరగా తింటే మంచి కూర, అంతే. పరగడుపున గ్లాసుల కొద్దీ రసం తాగి కడుపు మండి వచ్చినవాళ్లకు నేనే ఆంటాసిడ్ అమ్మాను.

తిప్పతీగ విషయంలో కాస్త ఆగండి. కరోనా రోజుల్లో దాని కషాయం తాగినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసులను 2021లో ముంబయి డాక్టర్లు ప్రచురించారు. ఆయుష్ శాఖ ఆ నివేదికను ఒప్పుకోలేదు. నా సలహా మాత్రం ఒకటే: కాలేయ జబ్బు, రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే తిరగబడటం వల్ల వచ్చే థైరాయిడ్ లాంటి సమస్యలు ఉన్నవాళ్లు రోజూ తాగే అలవాటు పెట్టుకోవద్దు. గ్రీన్ టీ తాగొచ్చు, గాఢమైన గ్రీన్ టీ సారం క్యాప్సూల్స్‌తో కూడా కాలేయం దెబ్బతిన్న సందర్భాలున్నాయి.

మా ఊళ్లో ఒకరిచ్చే పేరులేని పొడితో షుగర్ వారంలోనే దిగింది. ఎలా?

వారంలో అంతగా దిగిందంటే నాకు మొదట వచ్చే అనుమానం అందులో షుగర్ గోలీ నూరి కలిపారని. మూలికల పొడుల్లో మెట్‌ఫార్మిన్, గ్లిబెన్‌క్లమైడ్ దొరికిన సంఘటనలు చాలా దేశాల్లో నమోదయ్యాయి. కొన్ని భస్మాల్లో సీసం, పాదరసం ఉంటాయి. ఎంత కలిపారో కలిపినవాడికే తెలియదు. మా దగ్గరికి ఒక అక్క తన అత్తను ఆటోలో తెచ్చింది. పెద్దామెకు మాట తడబడుతోంది, ఒళ్లంతా చెమట. షుగర్ చూస్తే 48. చక్కెర నీళ్లు తాగించి దవాఖానకు పంపాం. చీటీలో ఉన్న గోలీ, కాగితం పొట్లంలోని పొడి, రెండూ వేసుకుంటోంది.

1954 నాటి చట్టం ప్రకారం షుగర్, బీపీ, ఊబకాయం నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే నేరం. గోడ మీద రాసినా, వాట్సాప్‌లో పెట్టినా.

విటమిన్ డి వేసుకుంటే షుగర్ రాదంటున్నారు?

లోపం ఉంటే డి వేసుకోవాల్సిందే, ఎముకల కోసం. 2019లో వచ్చిన అమెరికా పరీక్షలో షుగర్ అంచున ఉన్నవాళ్లకు రోజుకు 4000 యూనిట్లు ఇచ్చారు. షుగర్ రావడం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు.

60,000 యూనిట్ల సాచెట్ గురించి మాత్రం గొంతు పెంచి చెప్పాలి. అది సాధారణంగా వారానికి ఒకటి, అదీ కొన్ని వారాలు. రోజుకొకటి తాగినవాళ్లను చూశాను. రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, చివరికి కిడ్నీలు దెబ్బతింటాయి. కవర్ మీద పెన్నుతో 'ఆదివారం' అని రాసిస్తున్నాను ఇప్పుడు.

మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను, అరికాళ్లు తిమ్మిర్లు. ఏం వేసుకోవాలి?

ఇది మంచి ప్రశ్న, దీన్ని అడిగేవాళ్లు తక్కువ. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడితే ఒంటికి బీ12 పట్టడం తగ్గుతుంది. మోతాదు ఎక్కువైనా, మాంసం గుడ్లు తినకపోయినా ఇంకా తగ్గుతుంది. తిమ్మిర్లు, మంటలు షుగర్ వల్లా వస్తాయి, బీ12 లోపం వల్లా వస్తాయి. పైకి చూసి ఏదో చెప్పలేం. రక్తపరీక్ష చేయించి, తక్కువుంటే బీ12 వేసుకుంటే ఖర్చు కొద్ది, లాభం పెద్దది. ఈ పేజీలో నేను నిస్సంకోచంగా చెప్పే సప్లిమెంట్ ఇదే. అంకె తగ్గించడానికి కాదు, అంకె తగ్గించే గోలీ చేసిన లోటు పూడ్చడానికి. మెట్‌ఫార్మిన్ మాత్రం ఆపకండి.

బీపీకి మెగ్నీషియం, సైంధవ లవణం?

మెగ్నీషియంతో బీపీ తగ్గేది సగటున 2 పాయింట్లు. కిడ్నీ బలహీనంగా ఉంటే అది ఒంట్లో పేరుకుంటుంది. సైంధవ లవణం రంగు మారిన ఉప్పే, సోడియం అందులోనూ ఉంది. నల్ల ఉప్పులో ఫ్లోరైడ్ కూడా ఉంటుంది కాబట్టి నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు పాడయ్యే ఫ్లోరోసిస్ ఉన్న ప్రాంతాల్లో దాన్ని మానమంటారు. మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు వాళ్లకు ఇది వేరే చెప్పాలా.

సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు మాత్రం పనికొచ్చేదే. చైనాలో 600 ఊళ్లలో చేసిన పరీక్షలో దాంతో పక్షవాతం 14 శాతం తగ్గింది, 2021లో ఆ ఫలితాలు వచ్చాయి. కిడ్నీ జబ్బు ఉన్నా, టెల్మిసార్టాన్, స్పైరనోలాక్టోన్ లాంటి బీపీ గోలీలు వాడుతున్నా డాక్టర్‌ను అడగకుండా కొనొద్దు. పొటాషియం పెరిగితే గుండె ఆగే ప్రమాదముంది.

ఇంకోటి. మన వైపు కీళ్లనొప్పులెక్కువ. ఫ్లోరైడ్ నొప్పులకు, మోకాళ్లకు డైక్లోఫెనాక్ రోజూ మింగేవాళ్లు బోలెడు. ఆ నొప్పి గోలీ బీపీ పెంచుతుంది, కిడ్నీని నలుపుతుంది. పొద్దున అది మింగి, సాయంత్రం బీపీకి మెగ్నీషియం అడుగుతారు.

న్యూట్రిషన్ క్లబ్బులో షేక్ తాగితే నెలకు నాలుగు కిలోలు తగ్గాయి. కొనసాగించనా?

తగ్గింది షేక్ మహిమ కాదు, పూట అన్నం మానిన మహిమ. అదే పని ఉడికించిన పెసలు, రెండు గుడ్లు, మజ్జిగ చేస్తాయి. షేక్ మానిన నెలకు కిలోలు తిరిగొచ్చాయని చెప్పినవాళ్లే ఎక్కువ.

మరి జొన్న గటక, బత్తాయి, కల్లు?

దేశమంతటా చేసిన సర్వేలో మనం తినే కేలరీల్లో దాదాపు 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నట్టు తేలింది. మిర్యాలగూడ మిల్లు బియ్యం తెల్లగా ముత్యాల్లా ఉంటుంది, తవుడుతో పాటు పీచూ పోతుంది. పాలమూరు జొన్న రొట్టె, తైదల అంబలి అందుకే మేలు, అయితే అవీ పిండిపదార్థాలే. మూడు రొట్టెలు నాలుగైతే లాభం పోయినట్టే. పప్పు, ఆకుకూర కంచంలో సగం ఆక్రమించాలి.

బత్తాయి మన జిల్లా పంట, తొనలతో తినండి. గ్లాసు రసంలో మూడు నాలుగు కాయల చక్కెర ఉంటుంది, పీచు పిప్పిలో పోతుంది. కల్లు, మద్యం ఏదైనా సరే ట్రైగ్లిజరైడ్లను పెంచుతుంది. చేపనూనె డబ్బా కొని, సాయంత్రం కల్లు మానని ఒక మామకు నేను డబ్బా వెనక్కి తీసుకుని పైసలిచ్చేశాను. మత్తుమందు కలిపిన కల్లుకు అలవాటు పడ్డవాళ్లు మాత్రం ఒక్కసారిగా మానితే ఫిట్స్ రావచ్చు, డాక్టర్ సాయంతోనే మానాలి.

డబ్బా మీద ఏం చూసి కొనాలి?

ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్స్ నంబరు, 'ఔషధంగా వాడేందుకు కాదు' అన్న అర్థం వచ్చే మాట ఉండాలి. రెండోది తప్పనిసరిగా రాయాల్సిందే. ముందు వైపు షుగర్ నయమంటూ, వెనక వైపు మందు కాదంటూ ఉంటే ఏ వైపు నమ్ముతారు? మోతాదు వెనక చదవండి, ముందు కాదు. 'ప్రొప్రైటరీ బ్లెండ్' అని పది మూలికల పేర్లు రాసి దేనికీ మిల్లీగ్రాములు రాయకపోతే కొనకుండా తిరిగి పెట్టేయండి.

ఇప్పటికే మూడు డబ్బాలు కొన్నాను. ఇప్పుడేం చేయాలి?

మొదలుపెట్టక ముందు అంకెలు రాసుకోండి: నడుము, బీపీ, పరగడుపు షుగర్, లిపిడ్ ప్రొఫైల్, కిడ్నీకి క్రియాటినిన్, కాలేయ పరీక్ష. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో రక్తం ఇస్తే తెలంగాణ డయాగ్నోస్టిక్స్ ద్వారా చాలా పరీక్షలు ఉచితం. మూడూ ఒకేసారి మొదలుపెడితే ఏది పనిచేసిందో, ఏది కడుపు పాడు చేసిందో తెలియదు. ఒక్కటే, మూడు నెలలు. ఈలోగా వారానికి 150 నిమిషాలు చెమట పట్టేలా నడవండి. 2002లో అచ్చయిన అమెరికా పరీక్షలో నడక, తిండి మార్పులతో బరువు 7 శాతం తగ్గించడమే లక్ష్యంగా పెట్టుకున్నవాళ్లలో షుగర్ రావడం 58 శాతం తగ్గింది. ఆ లెక్కకు దగ్గరగా వచ్చిన డబ్బా నా షాపులో లేదు.

మూడు నెలల తర్వాత అవే పరీక్షలు మళ్లీ. అంకె కదలకపోతే ఆపేయండి. కళ్లు పచ్చబడ్డా, మూత్రం ముదురు పసుపైనా, దద్దుర్లు వచ్చినా అప్పటిదాకా ఆగొద్దు. డబ్బా జేబులో పెట్టుకుని దవాఖానకు వెళ్లండి. "ఏదో మూలికల పొడి" అంటే డాక్టర్‌కు ఏమీ అర్థం కాదు, డబ్బా చూపిస్తే అర్థమవుతుంది. సీలు తీయనివి బిల్లుతో సహా నా దగ్గరికి తెస్తే వెనక్కి తీసుకుంటాను. సీలు తీసినవి తీసుకోలేను, ముందే చెప్తున్నా.